గోదావరి మండలమున గ్రామపాఠశాలలు – ఉపాధ్యాయవిశ్వాసము

పెదపాడు గల యేలూరు తాలూకా 1859లో గోదావరి మండలమునను, 1904లో కృష్ణా మండలమునను, 1925లో పశ్చిమగోదావరి మండలమునను చేర్పబడినది. 2022లో ఏలూరు ప్రత్యేకజిల్లా యైనది. పాలనాసీమ లెన్ని మాఱినను కొల్లేటి పల్లెల బడుల విషయమున నొక ప్రశ్న మాఱలేదు. పాఠశాలను నిలుపునది అధికారుల తనిఖీయా, గ్రామస్థులకు గురువునందును గురువునకు పాలకునియందును గల నమ్మకమా? ఈ సీమ చరిత్రమే దీనికి సమాధాన మొసగుచున్నది.

పూర్వపు వీధిబడి పంతులు పిల్లల తల్లిదండ్రు లిచ్చు జీతమును, దసరాకు ఇల్లిల్లు తిరుగగా వచ్చు కానుకలను నమ్ముకొని బ్రదికెడివాడు. అతనిని నిలుపుకొనుటయు మానుకొనుటయు గ్రామమువారి చేతిలోనిదే. చెన్నరాజధాని గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో విచారణ జరిపించి 1826లో వ్రాసిన లేఖ్యమున, 12,498 పాఠశాలలును 1,88,650 విద్యార్థులును గలరని లెక్క చెప్పెను. విద్య కొఱవడుటకు ప్రోత్సాహలోపమును జనుల పేదఱికమును కారణములని తలచియు, దేశీయపాఠశాలల నడతలో దొరతనమువారు జోక్యము చేసికొనరాదనియే యాతని నిర్ణయము. కలెక్టరేటు పాఠశాలలయందు నెలకు 15 రూపాయలును, తాసీల్దారీ పాఠశాలలయందు 9 రూపాయలును ఉపాధ్యాయులకు వేతనముగా నాతడు సూచించెను. తాసీల్దారీ పాఠశాలలు చిరకాలము నిలువక 1836లో ఎత్తివేయబడెను.

1852లో ధవళేశ్వరపు టానకట్ట ముగిసెను. అనంతరము రెండు మూడేండ్లలో రాజమహేంద్రవరపు సబుకలెక్టరు జి. ఎన్. టైలరు నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందు పాఠశాలలు స్థాపించెను. వానిని జూచిన పొరుగు రైతులు తమ గ్రామములందును బడులు కావలెననియు, వ్యయమునకై శిస్తుతోపాటు కొంత సొమ్ము తామే యిత్తుమనియు కోరిరి. ఇచ్చట గమనింపదగిన దేమనగా, పన్ను ముందును పాఠశాల వెనుకయు రాలేదు. ముందు బడి కనబడినది, ఆ వెనుక రైతు చేయి చాచెను. ఫలము చూపి పిదప సొమ్మడుగుట నాయకధర్మమున మొదటి మెట్టు.

ఈ పాఠశాలలకు శాసనబలము చేకూర్చుటకై 1863లో చెన్నరాజధాని విద్యాశాసనము వెలువడెను. కాని గోదావరి మండలము వెలుపల దాని వ్యాప్తి మిక్కిలి స్వల్పము. 1871 నాటి స్థానికనిధుల శాసనము పాఠశాలలకై యింటిపన్ను విధింప ననుమతింపగా, ప్రజావిముఖతచే నది త్వరలోనే నిలిచిపోయెను. రెండును విద్యకొఱకే, రెండును సొమ్ము కోరినవే. సమ్మతిచే వచ్చిన దొకటి, పైనుండి దిగిన దొకటి.

ఉపాధ్యాయుల విషయమునను ఇట్టి భేదమే కానవచ్చును. ఫలితములనుబట్టి గ్రాంటిచ్చు పద్ధతియందు, ఏడాది కొకమారు ఇనస్పెక్టరు జరుపు పరీక్షలో చదువను, వ్రాయను, లెక్కగట్టను నేర్చినట్లు తేలిన పిల్లల సంఖ్యనుబట్టి బడికి సొమ్ము వచ్చెడిది. ఆ దినమున బిడ్డ జ్వరముతో పండుకొనిన పంతులుకు నష్టము. కావున చదువు పరీక్షకు లోబడెను. గురువు శిష్యుని రాబడిగా జూచు దుస్థితి కలిగెను. 1904లో భారతప్రభుత్వమువారి విద్యాతీర్మానము ఈ పద్ధతిని గర్హించినది.

నేటికిని ఆ రెండు మార్గములు సమీపముననే నడచుచున్నవి. 2010 ఏప్రిలు 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్యసంఘమున మూడుపాళ్లు తల్లిదండ్రులే యుండవలెనని విధించినది. ఇది టైలరునాటి సమ్మతికి దగ్గఱ. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశమున సెల్‌ఫోను ద్వారా ముఖమును గుర్తించి హాజరు వేయు విధానము వచ్చినప్పుడు ఉపాధ్యాయసంఘము లభ్యంతరము తెలిపినవి. ఇది పరీక్షకుని కన్నునకు దగ్గఱ. హాజరు చూచుట దోషము కాదు. బడికి రాని గురువును గ్రామము సహింపనక్కఱలేదు. అయినను హాజరుపట్టీ పంతులును తరగతిగదివఱకే తెచ్చును. పాఠము చెప్పించునది వేఱొకటి. అది తాను చేసి చూపి పిదప నడిగెడి నాయకునివలనను, అడుగకమున్నే యిచ్చు గ్రామమువలనను కలుగును. గోదావరి రైతులు నూటడెబ్బదియేండ్లకు పూర్వమే యీ సంగతి నాచరణచే తెలిపిరి.