పనికిరాని నేల కోసం పోరాడినవాళ్లు

అమెరికా నైరుతి ఎడారిలోని నేషనల్ పార్కుల మీదుగా ఒంటరిగా కారులో వెళ్లిరావాలని ఎందరో కలగంటారు. ఆ దారి పొడవునా ఒక చరిత్ర ఉంది. ఆ నేల వట్టిదని కొట్టిపారేసినవాళ్లు, కాదని పట్టుబట్టినవాళ్లు, వీళ్లిద్దరి లెక్కలోకీ రాని అక్కడి మనుషులు... అందరూ కలిసిన చరిత్ర అది.

1858లో అమెరికా సైన్యాధికారి లెఫ్టినెంట్ జోసెఫ్ ఐవ్స్ చిన్న ఆవిరి పడవలో కొలరాడో నదికి ఎదురు ప్రయాణం చేశాడు. పడవ బండకు కొట్టుకుని ముందుకు సాగకపోతే దాన్ని వెనక్కి పంపి, కంచర గాడిదల మీద వెళ్లి గ్రాండ్ కాన్యన్‌లోకి దిగాడు. ఈ చోటు దేనికీ కొరగాదనీ, ఇక్కడికి వచ్చిన మొదటి తెల్లవాళ్లం మేమేననీ, నిస్సందేహంగా చివరివాళ్లమూ మేమేననీ 1861లో అచ్చయిన తన నివేదికలో రాశాడు. 2023 ఒక్క ఏడాదిలోనే ఆ లోయను చూడటానికి 47 లక్షల మందికి పైగా వచ్చారు.

ఐవ్స్ అవివేకి కాడు. నీళ్లున్నాయా, గడ్డి మొలుస్తుందా, కలప దొరుకుతుందా, పడవ నడుస్తుందా అని చూడమని ప్రభుత్వం పంపింది. ఆ కొలతలతో చూస్తే అతని తీర్పు సరైనదే. మారాల్సింది కొలత. అది మారడానికి ఎనభై ఏళ్లు పట్టింది. లాస్ ఏంజెలెస్‌లో బయల్దేరి తూర్పుకు సాగిపోయే ఒంటరి ప్రయాణికుడు ఆ మార్పును మజిలీ మజిలీకీ చూడగలడు.

జెముడు మొక్కల కోసం ఒక మహిళ

మొదటి మజిలీ జాషువా ట్రీ. మొహావీ ఎడారికే ప్రత్యేకమైన, చేతులు పైకెత్తినట్టు కొమ్మలు చాచే చెట్టు పేరే ఈ పార్కుకు పెట్టారు. 1920ల నాటికి కార్లు చవకయ్యాయి, ఎడారిలోకి దార్లు పడ్డాయి. కార్లతో పాటు గునపాలూ వచ్చాయి. లాస్ ఏంజెలెస్ పెరటి తోటల్లో అలంకారానికి జెముడు మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి లారీల్లో తరలించేవారు. రాత్రిపూట వెనక వచ్చే కార్లకు దారి తెలియడానికి జాషువా చెట్లకు నిప్పంటించేవారు.

దీన్ని చూసి ఊరుకోలేకపోయిన మనిషి మినర్వా హామిల్టన్ హాయిట్. 1866లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, పెళ్లయ్యాక కాలిఫోర్నియాలోని సౌత్ పాసడీనాలో స్థిరపడింది. బిడ్డ పోయాడు, 1918లో భర్త పోయాడు. ఆ దుఃఖకాలంలో ఆమెకు ఊరట ఎడారిలోనే దొరికింది. తనను నిలబెట్టిన నేలను తాను నిలబెట్టాలనుకుంది. రైలు పెట్టెల్లో ఎడారి మొక్కలు, రాళ్లు, ఇసుక నింపి న్యూయార్క్, బోస్టన్, లండన్ ప్రదర్శనలకు పంపింది. ఎడారిలో చూడటానికేముందని అడిగేవాళ్ల ముందుకు ఎడారినే తీసుకెళ్లింది. 1930లో ఎడారుల పరిరక్షణ కోసం అంతర్జాతీయ సంఘం పెట్టింది. మెక్సికో అధ్యక్షుడు ఆమెను జెముడు మొక్కల దూత అని కొనియాడాడు.

ఇంటి దగ్గర పని అంత తేలిగ్గా కాలేదు. 1934లో పరిశీలనకు వచ్చిన పార్కుల శాఖ అధికారి రోజర్ టోల్, ఆమె అడిగినదానిలో చిన్న ముక్క చాలన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మళ్లీ అధికారుల్ని రప్పించింది, మళ్లీ ఉత్తరాలు రాసింది. 1936 ఆగస్టు 10న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 8.25 లక్షల ఎకరాలను జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించాడు. ఆమె 1945లో కన్నుమూసింది. అయిదేళ్లకే, గనులవాళ్ల ఒత్తిడికి తలొగ్గి 1950లో దాదాపు 2.9 లక్షల ఎకరాలు కోసేశారు. 1994లో నేషనల్ పార్కు హోదాతో పాటు చాలా భాగం తిరిగి వచ్చింది. ఒకసారి గీసిన సరిహద్దు చెరగదనుకుంటే పొరపాటని ఈ కథ చెబుతుంది.

డెత్ వ్యాలీలో ఇళ్లు

ఉత్తరానికి తిరిగితే డెత్ వ్యాలీ. ఇక్కడి బ్యాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 86 మీటర్ల దిగువన ఉంటుంది, ఉత్తర అమెరికాలో అంతకన్నా పల్లపు చోటు లేదు. ఫర్నెస్ క్రీక్ దగ్గర 1913 జులై 10న 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. భూమ్మీద గాలి ఉష్ణోగ్రతకు అదే అధికారిక రికార్డు. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు దగ్గరదారి వెతుకుతూ బండ్లతో వచ్చినవాళ్లు ఇక్కడ చిక్కుపడ్డారు. విలియం మ్యాన్లీ, జాన్ రోజర్స్ అనే ఇద్దరు యువకులు కాలినడకన వెళ్లి తిండి తెచ్చి, మిగిలిన కుటుంబాల్ని బయటపడేశారు. లోయకు ఆ పేరు ఆ యాత్ర నుంచే వచ్చింది.

బంగారం దొరకలేదు, బోరాక్స్ దొరికింది. 1883 నుంచి హార్మొనీ కర్మాగారం కోసం చైనా కూలీలు ఉప్పు నేల మీద తెల్లని పొరను గీకి పోగుచేసేవారు. పద్దెనిమిది కంచర గాడిదలు, రెండు గుర్రాలు కట్టిన బండ్లు దాన్ని 265 కిలోమీటర్ల దూరంలోని మొహావీ రైల్వే స్టేషన్‌కు చేర్చేవి. ఆ ప్రయాణం పది రోజులు. ఆ ఇరవై జంతువుల బొమ్మ తర్వాత బోరాక్స్ డబ్బాల మీదికెక్కి అమెరికా ఇంటింటికీ చేరింది. ఆ ప్రచారం నడిపిన స్టీఫెన్ మాదర్ బోరాక్స్ వ్యాపారంలోనే ధనవంతుడై, 1916లో ఏర్పడిన నేషనల్ పార్క్ సర్వీసుకు తొలి డైరెక్టరయ్యాడు. పాత వ్యాపార సంబంధాల వల్ల డెత్ వ్యాలీని పార్కుగా ప్రతిపాదించడానికి మాత్రం వెనకాడాడు. అతని తర్వాత వచ్చిన హొరేస్ ఆల్‌బ్రైట్ హయాంలో, 1933 ఫిబ్రవరి 11న దాన్ని జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటిస్తూ అధ్యక్షుడు హూవర్ సంతకం చేశాడు.

ఇంతవరకూ కరపత్రాల్లో ఉంటుంది. వాటిలో కనబడనిది ఇది: ఈ లోయ తింబిషా షోషోనీ తెగ ఊరు. చలికాలం లోయలో, మండువేసవిలో కొండల మీద, తరతరాలుగా వాళ్లు అలా బతికారు. పార్కుల శాఖ 1936లో వాళ్లకు ఫర్నెస్ క్రీక్ దగ్గర కొద్దిపాటి స్థలంలో మట్టి ఇళ్లు కట్టించింది. తర్వాతి దశాబ్దాల్లో విధానం మారింది. వేసవిలో కుటుంబాలు కొండలెక్కినప్పుడు, ఖాళీగా ఉన్నాయంటూ ఆ మట్టి గోడల మీద పైపులతో నీళ్లు కొట్టి కరిగించేశారు. అయినా కొన్ని కుటుంబాలు కదల్లేదు. పాలీన్ ఎస్టెవ్స్ వంటి పెద్దలు దశాబ్దాల పాటు పోరాడారు. 1983లో ప్రభుత్వం వాళ్లను తెగగా గుర్తించింది. 2000లో ప్రత్యేక చట్టం చేసి, ఫర్నెస్ క్రీక్‌లో 300 ఎకరాలకు పైగా సహా దాదాపు 7,700 ఎకరాలు తిరిగి ఇచ్చింది. నేషనల్ పార్కు లోపల ఒక తెగ సొంత నేల మీద ఊరు నిలబెట్టుకున్న అరుదైన విజయమిది. ఎడారిని పనికిరాదన్నవాళ్లూ, అందమైనదన్నవాళ్లూ ఒక విషయంలో ఏకమయ్యారు: అక్కడెవరూ లేరనుకోవడంలో.

కొండను తొలిచిన దారి

లాస్ వేగాస్ దాటి యూటాలోకి వెళితే జియాన్ పార్కు. 1909లో స్మారక ప్రాంతమై, 1919 నవంబరులో పార్కయింది. కార్లు పెరిగాక జియాన్, బ్రైస్ కాన్యన్, గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు గట్టు మూడింటినీ కలిపే రోడ్డు కావాల్సి వచ్చింది. మధ్యలో నిలువునా లేచిన ఇసుకరాతి కొండ. 1927లో పని మొదలైంది. కొండ ముఖం మీద ముందు కిటికీలు తవ్వి, వాటిలోంచి లోపలికి దిగి రెండు వైపులా తొలిచారు, తవ్విన రాయిని ఆ కిటికీల్లోంచే కిందికి తోశారు. 1.8 కిలోమీటర్ల ఆ సొరంగం 1930 జులై 4న తెరుచుకుంది. చీకట్లో నడిపేవాడికి ఆ కిటికీలు ఇప్పటికీ గాలీ వెలుతురూ ఇస్తున్నాయి.

రోడ్డు మంచిదా చెడ్డదా అన్న వాదన అప్పట్నుంచీ ఉంది. 1956, 57లో యూటాలోనే ఉన్న ఆర్చెస్ పార్కులో రేంజరుగా ఒంటరిగా గడిపిన రచయిత ఎడ్వర్డ్ ఆబీ, ఆ అనుభవాలతో 1968లో తెచ్చిన డెసర్ట్ సాలిటెయిర్‌లో పార్కుల్లోకి తారురోడ్లు వద్దని వాదించాడు. అతని భయం నిజమైంది. 2022లో ఆర్చెస్ రద్దీని తట్టుకోలేక ముందుగా సమయం బుక్ చేసుకున్నవాళ్లకే ప్రవేశమనే పద్ధతి పెట్టాల్సి వచ్చింది. కానీ ఆ రోడ్డే లేకపోతే వృద్ధులకూ, నడవలేనివాళ్లకూ, మూడు రోజుల సెలవు మాత్రమే దొరికే ఉద్యోగికీ ఈ నేల కనిపించేదే కాదు. చూసినవాళ్లు లేని చోటికి అండగా నిలిచేవాళ్లూ ఉండరు. అందుకే రోడ్డు పక్షానే నా ఓటు, ఇంకా కొత్తవి వేయకూడదన్న షరతుతో.

మెల్లగా తెలిసే లోయ

ఐవ్స్ వచ్చిన పదకొండేళ్లకు, 1869లో జాన్ వెస్లీ పావెల్ తొమ్మిది మందితో, నాలుగు పడవలతో కొలరాడో నది యాత్రకు బయల్దేరాడు. అంతర్యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి. మూడు నెలల తర్వాత అయిదుగురితో కాన్యన్ దాటాడు. అతని బృందంలో తర్వాత పనిచేసిన భూగర్భశాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ 1882లో తెచ్చిన గ్రంథం, కొలత మార్చిన గ్రంథం. ఆల్ప్స్ అందానికి అలవాటుపడ్డ కళ్లకు ఈ లోయ మొదట మింగుడుపడదనీ, ఓపిగ్గా చూడగా చూడగా దాని గొప్పదనం తెలుస్తుందనీ డటన్ వాదించాడు. లోయలో నిలిచిన శిఖరాలకు ప్రాచ్య దేశాల ఆలయాల పోలిక కనిపించి విష్ణు, శివ అని పేర్లు పెట్టాడు. లోయ అడుగున కనిపించే, సుమారు 175 కోట్ల ఏళ్ల నాటి నల్లటి రాతిపొరను విష్ణు షిస్ట్ అనే పిలుస్తారు. గట్టు మీద నిలబడి మ్యాపు చూసే తెలుగువాళ్లకు ఈ పేర్లు చటుక్కున కనబడతాయి.

1903లో వచ్చిన అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ లోయను ఉన్నదున్నట్టు వదిలేయమని కోరాడు. 1906 నాటి పురాతన స్థలాల చట్టాన్ని వాడి 1908లో స్మారక ప్రాంతం చేశాడు. గని హక్కుల పేరుతో బ్రైట్ ఏంజెల్ కాలిబాట మీద సుంకం వసూలు చేసిన రాల్ఫ్ కామెరాన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1920లో ఓడిపోయాడు. అంతకు ఏడాది ముందే అది నేషనల్ పార్కయింది. ఆ కాలిబాట మధ్యలో ఊటనీటితో పంటలు పండించిన హవసుపాయ్ రైతుల్ని మాత్రం పార్కు 1928 నాటికి పూర్తిగా వెళ్లగొట్టింది. 1975లో ఆ తెగకు వేరేచోట 1.85 లక్షల ఎకరాలు తిరిగి దక్కాయి. కాలిబాట మధ్యలో వాళ్లు పంటలు పండించిన చోటికి 2022లో హవసుపాయ్ గార్డెన్స్ అని పేరు మార్చారు.

ఒంటరిగా వెళ్లే హక్కు

ఆరిజోనాలో తూర్పుకు పోతే పెట్రిఫైడ్ ఫారెస్ట్. 20 కోట్ల ఏళ్లకు పూర్వం పడిపోయిన చెట్లు ఇక్కడ రాళ్లయ్యాయి. రూట్ 66 అనే పాత రహదారి ఈ పార్కు గుండా పోయేదని చెప్పడానికి 1932 నాటి తుప్పుపట్టిన స్టూడ్‌బేకర్ కారును రోడ్డు పక్కన ఉంచారు. ఆ దారి అమెరికన్ల స్వేచ్ఛకు గుర్తుగా పేరుపడింది. కానీ ఆ రోజుల్లో నల్లజాతివాళ్లకు దారిలోని చాలా హోటళ్లలో గది, బంకుల్లో పెట్రోలు ఇచ్చేవారు కాదు. ఎక్కడ ఆగితే క్షేమమో చెప్పడానికి న్యూయార్క్ పోస్ట్‌మ్యాన్ విక్టర్ గ్రీన్ 1936లో ఒక గైడు అచ్చువేయడం మొదలుపెట్టాడు. అది 1960ల దాకా వచ్చింది. ఈ రోజు ఎవరైనా కారెక్కి ఒక్కరే ఎడారిలోకి వెళ్లగలుగుతున్నారంటే, వెనక ఇలాంటి చరిత్రా ఉంది.

పని ఇంకా మిగిలే ఉంది

2020 ఆగస్టులో మొహావీలో లేచిన మంటల్లో 13 లక్షలకు పైగా జాషువా చెట్లు కాలిపోయాయని అంచనా. వేడిని, మంటను సరిహద్దు గీత ఆపలేదు. గీతలకూ భరోసా లేదు. యూటాలోని బేర్స్ ఇయర్స్ స్మారక ప్రాంతాన్ని 2017లో ఒక అధ్యక్షుడు 85 శాతం కుదించాడు, 2021లో ఇంకో అధ్యక్షుడు పునరుద్ధరించాడు. హాయిట్ బతికుంటే ఆశ్చర్యపోయేది కాదు, ఉత్తరాలు రాయడానికి కూర్చునేది.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో సెలవుల్లో ఈ దార్లు పడుతున్నాయి. వెళ్లేవాళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోవాలి. ఫోన్‌లో యాప్‌ను నమ్మకుండా కాగితం మ్యాపు దగ్గర ఉంచుకోవాలి. ఎప్పుడు తిరిగొస్తారో ఒకరికి చెప్పి బయల్దేరాలి. ఇవి పార్కులవాళ్లే చెప్పే జాగ్రత్తలు. వాటికి నేను చేర్చేది ఒకటుంది. ఆగిన ప్రతి చోటా, ఇది ఎవరి ఊరు, దీన్ని ఎవరు నిలబెట్టారు అని రేంజర్ని అడగండి. ఆ పార్కుల భవిష్యత్తు మీద చట్టసభ చర్చించినప్పుడు, ఓటున్నవాళ్లు తమ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయండి. జాషువా ట్రీని దక్కించింది అలాంటి ఉత్తరాలే.