పరుగులో పట్టేసే రొమ్ము

పల్నాట్లో పిల్లలకు పరుగు నేర్పడమే నా ఉద్యోగం. గురజాల, మాచర్ల వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా బళ్లకు మైదానాలంటే సగం చోట్ల నాపరాయి పైకి తేలిన బీళ్లే. రొమ్ము పట్టేసిందని పరుగు మధ్యలో కూలబడే పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో ఉండేవాళ్లు. ఆ నొప్పిని మా ఊళ్లు ఏమనుకున్నాయి, దానికి ఏం చేశాయి అన్నది నేను చూసినంత, పెద్దలు చెప్పగా విన్నంత రాస్తున్నాను.

మొదటి మందు వాము. గుప్పెడు నోట్లో పోసి నమలమనేవాళ్లు. తగ్గకపోతే గోళీసోడా. అప్పటికీ వస్తుంటే ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి తీసేవాళ్లు. మరీ మొండిగా వస్తుంటే పసుపుకొమ్ము కాల్చి రొమ్ము పక్కన వాత పెట్టేవాళ్లు. చొక్కాలు విప్పించి డ్రిల్లు చేయించే రోజుల్లో ఆ మచ్చలున్న పిల్లలు నా వరసల్లోనే నిలబడ్డారు. ఆ తల్లుల్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. పిల్లలకు వచ్చే రొమ్ము నొప్పుల్లో అత్యధికం గుండెవి కావు. కండరం పట్టడం, పక్కటెముకల దగ్గర వాపు, కడుపులో మంట, ఉబ్బసం, ఒక్కోసారి భయం. ఇవి చాలావరకు వాము నమిలినా తగ్గుతాయి, నమలకపోయినా తగ్గుతాయి. తరాల తరబడి వాముకు పేరు నిలబడింది అందుకే. తగ్గని పిల్లాడు పరుగు మానేసేవాడు. ఎప్పుడో ఒకడు ఉన్నట్టుండి పోతే గాలి సోకిందనేవాళ్లు. ఆ నొప్పికీ ఈ చావుకీ సంబంధం ఉందని చెప్పేవాళ్లు ఊళ్లో ఉండేవాళ్లు కాదు.

చెప్పగలవాళ్లు ఉన్నది గుంటూరులో. అక్కడ మెడికల్ కాలేజీ 1946లో వచ్చింది. మాచర్ల నుంచి దాదాపు 130 కిలోమీటర్లు, మీటరు గేజి రైలు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలే దాకా జొన్న చేలే దిక్కయిన ఇళ్లలో, నిలబడితే పోయే నొప్పి కోసం ఒక రోజు కూలి వదులుకుని గుంటూరు ఎవరు పోతారు?

ఆగి నిలబడితే పోతుంది, గుండె నొప్పికి అసలు గుర్తు అదే. లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో ఈ నొప్పి గురించి మొదటిసారి వివరంగా చెప్పాడు. నడుస్తుంటే, అందులోనూ ఎత్తు ఎక్కుతుంటే రొమ్ము బిగుసుకుపోతుంది, ఆగిన మరుక్షణం మాయమవుతుంది అన్నాడు. తాను చూసిన వంద మంది దాకా రోగుల్లో దాదాపు అందరూ యాభై ఏళ్ల చుట్టుపక్కల మగవాళ్లు. ముగ్గురు ఆడవాళ్లు. ఒక్కడు మాత్రం పన్నెండేళ్ల కుర్రాడు. ఆ లెక్క చదివినప్పటి నుంచి ఆ కుర్రాడు నా మనసులోంచి పోలేదు. ఈ జబ్బును మొదట వివరించిన మనిషి చేతి లెక్కలోనే ఒక పిల్లాడున్నాడు. అయినా తర్వాతి రెండు వందల ఏళ్లూ ఇది పెద్దల జబ్బేనని లోకం అనుకుంది.

మా వైపు పిల్లల గుండెల్ని ఎక్కువగా చెడగొట్టింది కీళ్ల జ్వరం. గొంతు నొప్పితో మొదలై కీళ్లు వాచి, చివరికి గుండె కవాటాల్ని పట్టుకుంటుంది. ఎక్కువ మందికి నొప్పి కన్నా ఆయాసమే ముందు. నీళ్ల బిందెతో చెరువుకట్ట ఎక్కలేని ఆడపిల్లను బద్ధకస్తురాలనేవాళ్లు. 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించుకోవాలి. ఆ సూది నొప్పికి జడిసి పత్తిచేలో దాక్కున్న పిల్లల్ని వెతికి తెచ్చిన రోజులున్నాయి.

ఎనభైల చివర్లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు 800 మీటర్లలో మండలానికే మొదటివాడు. మొదటి రౌండు గాలిలా పోయేవాడు, రెండో రౌండులో రొమ్ము పట్టుకుని గొంతుక్కూర్చునేవాడు. ఆరెంపీ గ్యాసన్నాడు. వాళ్ల నాన్నను, వాణ్ణి వెంటబెట్టుకుని నరసరావుపేటలో ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. రాసే ముందు అడిగే మనిషి.

"ఎట్లా ఉంటదిరా?"

"రొమ్ము మీద ఎవురో కాలేసి తొక్కినట్టు ఉంటదండి. నిలబడితే పోద్ది."

"ఎప్పుడన్నా కళ్లు తిరిగి పడ్డావా?"

"ఒకసారి పడ్డానండి. నాయనకు చెప్పలా."

డాక్టరు గారు తండ్రి వైపు తిరిగారు. "మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నా తమ్ముడండి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ తాడు పట్టి లాగుతా పడిపోయాడు. ఇరవై రెండేళ్లు. గాలి సోకిందన్నారు."

అప్పుడు డాక్టరు గారు కుర్రాణ్ణి గుంజీళ్లు తీయమన్నారు. స్టెతస్కోపు రొమ్ము మీద ఆనించే ఉంచి, కూర్చోబెట్టి విన్నారు, లేపి విన్నారు. మళ్లీ కూర్చోబెట్టారు. నన్ను పిలిచి గొట్టాలు నా చెవులకు పెట్టారు. కూర్చున్నప్పుడు లబ్‌డబ్‌ల మధ్య సన్నటి ఊదు శబ్దం. లేచి నిలబడగానే అదే శబ్దం గరగరమంటూ పెద్దదైంది. నిలబడితే రక్తం కాళ్లకు దిగుతుంది, గుండెలోకి వచ్చేది తగ్గుతుంది. గోడలు మందంగా ఉన్న గుండెలో అప్పుడు బయటికి పోయే దారి ఇంకా ఇరుకవుతుంది. ఏ దోషమూ లేని పిల్లల గుండెలో వినపడే శబ్దం మామూలుగా నిలబడితే తగ్గుతుందనీ, ఇది పెరిగిందనీ చెప్పారు. బడిలో శిక్షగా వేసే గుంజీళ్లతో ఆయన జబ్బు పట్టారు.

హైదరాబాదులో తీయించిన ఎకోలో అదే తేలింది. గుండె కండరం పుట్టుకతో వచ్చిన దోషం వల్ల మందమెక్కడం. లండన్‌లో శవపరీక్షలు చేసే డోనల్డ్ టియర్ 1958లో 8 మంది గుండెల్లో ఈ మందాన్ని చూసి రాసిన వ్యాసంతో ఇది వైద్యుల దృష్టికి గట్టిగా వచ్చింది. అదీ చిన్న వయసువాళ్లలోనే. దాదాపు 500 మందిలో ఒకరికి ఉంటుంది. తండ్రికో తల్లికో ఉంటే ఒక్కో బిడ్డకూ సగం అవకాశం. మన దగ్గరా దీని మీద పని జరిగింది. హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్ బృందం గుండె కండరపు జన్యువులో ఒక లోపం దక్షిణాసియా జనంలో నూటికి నలుగురి దాకా ఉందని 2009లో ప్రకటించింది. అది ఉన్నవాళ్లకు ఇబ్బంది వస్తే ఎక్కువగా నడివయసు దాటాకే.

కుర్రాడికి ప్రొప్రనలాల్ మాత్రలు రాశారు, పోటీ పరుగు మాన్పించారు. వాడు ఏడ్చాడు. మండల పోటీల రోజు చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి పక్కన నిలబెట్టుకున్నాను.

అన్ని గుండెలూ ఇలా శబ్దం చేయవు. గుండెకు రక్తమిచ్చే నాళం పుట్టుకతోనే తప్పుచోట మొదలైతే, శ్రమలో అది నొక్కుకుపోయి నొప్పి వస్తుంది. స్టెతస్కోపుకు ఏమీ వినపడదు, పడుకోబెట్టి తీసిన ఈసీజీ నిక్షేపంగా ఉంటుంది. అమెరికా బాస్కెట్‌బాల్ దిగ్గజం పీట్ మారవిచ్ 1988లో నలభై ఏళ్ల వయసులో ఆడుతూనే కూలిపోయాడు. ఎడమ నాళం లేకుండానే పుట్టాడని చనిపోయాకే తెలిసింది. అందుకే ఈసీజీ బాగుందన్న మాటతో ఊరుకోకూడదని నేను గట్టిగా చెబుతాను. నాళాలు ఎక్కడ మొదలవుతున్నాయో ఎకోలో చూడమని అడగాలి, అనుమానం తీరకపోతే సీటీ యాంజియో.

దూరం ఇప్పుడు తగ్గింది. 1991లో పుట్టపర్తి ఆసుపత్రి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె ఆపరేషన్లు మొదలుపెట్టి 2016లో గుండె మార్పిడి కూడా చేసింది. కాని పరిగెత్తే పిల్లల్ని పరుగుకు ముందు అడిగే అలవాటు ఇంకా రాలేదు. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు గుండె పరీక్ష తప్పనిసరి. మన దగ్గర 2025 జనవరిలో మచిలీపట్నంలో కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లు పరిగెడుతూ ఒక అభ్యర్థి ప్రాణం వదిలాడు. మాచర్లలో, నరసరావుపేటలో తెల్లారుజామున అదే 1600 మీటర్లకు సాధన చేసే పిల్లలు ఎంతో మంది. కోచింగ్ నడిపేవాళ్లు చేర్చుకునే కాగితంలోనే రెండు ప్రశ్నలు అచ్చు వేయాలి. పరుగులో రొమ్ము పట్టిందా, కళ్లు తిరిగాయా? మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఉన్నారా?

ఆ 800 మీటర్ల కుర్రాడు ఇప్పుడు యాభై దాటిన మిరప రైతు. మాత్రలు మానలేదు. పోయినేడు కూతుర్ని గుంటూరు తీసుకెళ్లి ఎకో తీయించాడు. మామూలుగానే వచ్చింది. ఎదిగే వయసు గనుక మళ్లీ తీయించమన్నారట. ఆ పిల్ల కబడ్డీ ఆడుతోంది.