బైలదిలా మూలికలూ, వాల్తేరు రసాయనశాలా

బస్తర్ దక్షిణాన, ఎద్దు మూపురాన్ని తలపించే ఆకృతి వల్ల ఆ పేరు పొందిన బైలదిలా శ్రేణి పాదాన ఉన్న కిరండూల్‌ను లోకం ఇనుప ఖనిజం వల్లనే ఎరుగును. అయితే గనులు తెరుచుకోవడానికి పాతికేళ్ల ముందే, 1942లో, అటవీ అధికారి హెచ్.ఎఫ్. మూనీ ఆ శ్రేణి వృక్షసంపదపై ఒక అధ్యయనం ప్రచురించాడు. మొక్కల సారాలను పరీక్షించే శాస్త్రానికి ఇటువంటి రచనలే పునాది, ఎందుకంటే ఏ మొక్కను ఏ కొండ మీద సేకరించారో తేలనిదే ఒకరి ఫలితాన్ని మరొకరు సరిచూడలేరు.

జపాన్‌కు ఖనిజం పంపేందుకు 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ కొండలను విశాఖ తీరానికి కలిపేనాటికి, అక్కడి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మొక్కల రసాయనశాస్త్రం బాగా పాతుకుపోయి ఉంది. పూలకూ ఆకులకూ రంగునిచ్చే ఫ్లేవనాయిడ్ల నిర్మాణాన్ని 1930ల నుంచే అక్కడ విప్పుతూ వచ్చిన టి.ఆర్. శేషాద్రి, 1946లో కృష్ణమూర్తితో కలిసి నేల ఉసిరిలోని చేదు పదార్థమైన ఫిలాంథిన్‌ను వర్ణించారు. ఆయన నిర్మాణం విప్పిన ఫ్లేవనాయిడ్లే తర్వాతి తరంలో యాంటీఆక్సిడెంట్లుగా, అంటే కణాలకు హాని చేసే ఫ్రీ రాడికల్స్‌ను శాంతింపజేసే పదార్థాలుగా ప్రసిద్ధి పొందాయి.

ఆ గుణాన్ని కొలవడానికి బ్లాయిస్ 1958లో ప్రతిపాదించిన డీపీపీహెచ్ పరీక్షలో ఊదారంగు ద్రావణం మొక్క సారం తగిలి పసుపుగా మారుతుంది. కణాల మీద సారం ప్రభావాన్ని చూసేందుకు వాడే, మోస్‌మన్ 1983లో రూపొందించిన ఎంటీటీ పరీక్షలో, దీనికి విరుద్ధంగా, బతికి ఉన్న కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి గనుక, క్యాన్సర్ కణాలు చనిపోయినచోట ఊదా తగ్గుతుంది. చౌకగా, వేగంగా జరిగే ఈ రెండు పరీక్షలూ వేలాది వ్యాసాలకు ఆధారమయ్యాయి, కానీ అవి పాత్రలో జరిగిన మార్పునే చెబుతాయి తప్ప రోగి శరీరంలో జరగబోయేది చెప్పవు. ఈ తేడాను మరిచి, రంగు మారగానే మందు దొరికిందని ప్రకటించడం రోగులకు అన్యాయం చేయడమే.

మందు సంగతి శరీరంలోనే తేలుతుందనడానికి బిళ్ళగన్నేరు చరిత్ర తార్కాణం. మధుమేహానికి వాడతారని విని ఆ ఆకు సారాన్ని కెనడాలో నోబుల్, బీర్ పరీక్షించగా రక్తంలో చక్కెర తగ్గలేదు, కానీ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ గమనింపు నుంచే 1958లో విన్‌బ్లాస్టిన్ వెలువడి, క్యాన్సర్ చికిత్సలో స్థిరపడింది. సజీవ శరీరాన్ని ఓపికగా చూడటం వల్లనే ఇది సాధ్యమైంది. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలసి వచ్చినా, బిళ్ళగన్నేరు పెరట్లోనూ పెరిగే మొక్క గనుక సాగుతో ఆ అవసరం తీరింది. బైలదిలా తేమ లోయల్లో అరుదుగా పెరిగే మొక్కలో అటువంటి పదార్థమే బయటపడితే, గనుల తవ్వకం సాగుతున్న ఆ కొండల్లో దాని సేకరణే దాని అంతానికి దారితీయవచ్చు గనుక, అక్కడి సారాల పరీక్షతోపాటే ఆ మొక్కలను నర్సరీలో పెంచే పద్ధతినీ వెతకడం తప్పనిసరి అవుతుంది.