ముద్రను నమ్మి మోసపోయిన స్పామ్ ఫిల్టర్

మా కోనసీమలో ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ వచ్చింది. గర్వమే. కానీ "ఆత్రేయపురం" అని పెట్టె మీద అచ్చేయడానికి ఒక ప్రింటర్ చాలు. లోపలి సరుకు ఎక్కడిదో పెట్టె చెప్పదు. ఈమెయిల్ లోకం ఈ పాఠాన్ని 20 ఏళ్ల కిందటే నేర్చుకుంది. ఇవాళ ఆ కథ చెప్తాను.

2002లో అమెరికాలో హేబియస్ అనే కంపెనీ మొదలైంది. అప్పటి స్పామ్ ఫిల్టర్లు మంచి మెయిల్స్‌ని కూడా పక్కన పడేసేవి. అందుకే వీళ్లు మెయిల్ హెడర్‌లో, అంటే మనకి మామూలుగా కనిపించని భాగంలో, 9 లైన్లు పెట్టించారు. అందులో ఒక హైకూ! ఎందుకంటే కవితకి కాపీరైట్ ఉంటుంది. అనుమతి లేకుండా వాడిన స్పామర్ మీద కేసు వేయొచ్చు.

స్పామ్‌అసాసిన్ అనే ఉచిత ఫిల్టర్ దీన్ని నమ్మింది. అది ప్రతి మెయిల్‌కీ మార్కులు వేస్తుంది. మామూలుగా 5 వస్తే స్పామ్. హైకూ కనిపిస్తే మాత్రం ఏకంగా 8 మార్కులు తగ్గించేలా రూల్ రాశారు.

తర్వాత ఏం జరిగి ఉంటుందో మీకు అర్థమైపోయింది కదా! 2004 మొదట్లో స్పామర్లు ఆ 9 లైన్లనీ కాపీ కొట్టి తమ మెయిల్స్‌లో పెట్టేశారు. కాపలాదారే తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టయింది. కేసు వేద్దామంటే ముందు స్పామర్ దొరకాలి. సర్వర్లు నడిపేవాళ్లు చేసేది లేక ఆ రూల్‌కి సున్నా మార్కులు పెట్టుకున్నారు.

అదే ఏడాది వచ్చిన 3.0 వెర్షన్‌లో పద్ధతి మారింది. మెయిల్‌లో ఏం రాసుందని చూడటం కాదు, పంపిన సర్వర్ ఐపీ అడ్రస్ హేబియస్ జాబితాలో ఉందా అని అడగడం. హైకూని కాపీ కొట్టొచ్చు, వేరేవాళ్ల దగ్గరున్న జాబితాలోకి దూరలేరు.

పాఠం పాతదే అయినా 2023లో మళ్లీ అవసరపడింది. జీమెయిల్ నీలం టిక్ తెచ్చిన నెలకే, పేరున్న కొరియర్ కంపెనీ పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌కి కూడా ఆ టిక్ పడింది. అప్పుడు గూగుల్ డీకిమ్ అనే డిజిటల్ సంతకం తప్పనిసరి చేసింది.

రాజోలు, అమలాపురం నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఎంతమందో మనకి తెలుసు. ఉద్యోగం ఇస్తామని మెయిల్ వస్తే లోగో, స్టాంపు చూసి డబ్బు కట్టొద్దు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంది. ఆ మెయిల్‌లోని లింక్ నొక్కకుండా, మీరే సైట్ తెరిచి పేరు వెతకండి. ముద్రని కాదు, జాబితాని నమ్మండి.