షెరీఫ్ చేతిలో తుపాకీ కన్నా పన్నుల లెక్కే ఎక్కువ!

షెరీఫ్ అనగానే మనకి గుర్తొచ్చేది ఏంటి? ఛాతీ మీద నక్షత్రం బిళ్ళ, నడుముకి తుపాకీ, ఒక గుర్రం. సినిమా వాళ్ళు ఒక్క విషయం మాత్రం చూపించరు. ఆయన అసలు ఉద్యోగం.

చలో, 1870ల నాటి అమెరికాకి వెళ్దాం. న్యూ మెక్సికోలో లింకన్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. కానీ దీని విస్తీర్ణం 20,000 చదరపు మైళ్ళకి పైనే! అంత ప్రాంతానికి ఒకే ఒక్క షెరీఫ్, ఆయన కింద కొద్దిమంది డిప్యూటీలు. ఆయన పరీక్ష రాసి వచ్చిన ఆఫీసర్ కాదు, ఓట్లతో గెలిచిన మనిషి.

ఆయన పనేంటి? పన్నులు వసూలు చేయాలి. కోర్టు సమన్లు అందించాలి. కోర్టు చెప్తే ఆస్తులు, పశువులు జప్తు చేయాలి. ఖైదీలకి కాపలా పెట్టాలి. ఉరిశిక్ష పడితే దాన్ని అమలు చేయాల్సింది కూడా ఆయనే.

పన్ను డబ్బు, జప్తు కాగితం, ఆయుధం. ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఉంటే ఏమవుతుందో చూడండి.

1878 జనవరి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన జాన్ టన్‌స్టాల్ అనే 24 ఏళ్ళ వ్యాపారి పత్రికకి ఒక లేఖ రాశాడు. షెరీఫ్ విలియం బ్రాడీ వసూలు చేసిన పన్ను డబ్బు తన ప్రత్యర్థి వ్యాపారుల చేతికి వెళ్ళిందని ఆరోపించాడు. నెల తిరిగేసరికి ఒక బీమా డబ్బు కేసులో జప్తు ఆర్డర్ వచ్చింది. దాని మీద బ్రాడీ పంపిన మనుషులు ఫిబ్రవరి 18న టన్‌స్టాల్‌ని కాల్చి చంపేశారు. ఏప్రిల్ 1న టన్‌స్టాల్ పక్షం వాళ్ళు లింకన్ వీధిలోనే బ్రాడీనీ, డిప్యూటీ హిండ్‌మన్‌నీ చంపారు. ఆ కాల్చినవాళ్ళలో ఒకడు టన్‌స్టాల్ దగ్గర పనిచేసిన కుర్రాడు, బిల్లీ ద కిడ్.

బ్రాడీ హత్య కేసులోనే బిల్లీకి ఉరిశిక్ష పడింది. తేదీ 1881 మే 13. ఉరి తీయాల్సింది కొత్త షెరీఫ్ పాట్ గారెట్. కానీ ఏప్రిల్ 28న బిల్లీ తప్పించుకున్నాడు. మెట్ల దగ్గర డిప్యూటీ బెల్‌ని కాల్చాడు. ఎదురు హోటల్లో మిగతా ఖైదీలకి భోజనం పెట్టిస్తున్న డిప్యూటీ ఓలింగర్ చప్పుడు విని పరుగున వస్తే, ఆయన తుపాకీతోనే ఆయన్ని చంపేశాడు.

మరి షెరీఫ్ గారు ఎక్కడ? వైట్ ఓక్స్ అనే ఊళ్ళో. పన్నుల వసూలుకి వెళ్ళాడు!

నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గారెట్ పిరికివాడు కాదు, బద్ధకస్తుడూ కాదు. తన డ్యూటీయే చేస్తున్నాడు. ఒక డ్యూటీకి వెళ్తే ఇంకో డ్యూటీ గాలికి పోయే ఉద్యోగం అది. దానికి ఇద్దరు ప్రాణాలిచ్చారు.

జూలై 14న గారెట్ ఫోర్ట్ సమ్నర్‌లో బిల్లీని కాల్చి చంపాడు. గవర్నర్ ప్రకటించిన 500 డాలర్ల బహుమతి వెంటనే చేతికి రాలేదు. 1882లో చట్టసభ ప్రత్యేకంగా చట్టం చేస్తేగానీ డబ్బు రాలేదు. ఊరందరి దగ్గరా పన్ను వసూలు చేసిన మనిషికి, తనకి రావాల్సింది వసూలు చేసుకోవడానికి చట్టమే కావాల్సి వచ్చింది!

ఈసారి కౌబాయ్ సినిమాలో షెరీఫ్ గుర్రమెక్కి వెళ్తుంటే, జైలు దగ్గర ఎవరున్నారో ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.