ధరిత్రీ దినమునకు పుట్టినిల్లు

ఏటేట ఏప్రిల్ 22వ తేదీన మన పాఠశాలలలో ధరిత్రీ దినము జరుపుచున్నారు. తెలుగునాట ఆ నాటికి వేసవి సెలవులు వాకిట నిలిచియుండును. చెట్టు నాటుటకు గాని, పిల్లలను కూర్చుండబెట్టి ప్రసంగించుటకు గాని అది అంత అనువైన దినము కాదు. ఈ తేదీని ఋతువును బట్టి గాని, ఒక మహనీయుని జన్మదినమును బట్టి గాని నిర్ణయింపలేదు. అమెరికా కళాశాలల పరీక్షల కాలమును చూచి నిర్ణయించిరి.

కథ ఒక యుద్ధముతో మొదలగుచున్నది. 1965 మార్చి 24వ తేదీ రాత్రి, ఆన్ ఆర్బరు పట్టణమందలి మిచిగన్ విశ్వవిద్యాలయములో సుమారు 3,000 మంది తెల్లవారువరకు మేలుకొని, వియత్నాం యుద్ధమును గూర్చి ప్రసంగములు విని వాదించుకొనిరి. ఆ దినము పాఠములు మానివేయవలెనని అధ్యాపకులు మొదట తలచిరి. దానిపై రాజకీయ నాయకులు ఆగ్రహింపగా, పగటి పాఠములను యథాప్రకారము చెప్పి, రాత్రి అదనముగా బోధించిరి. సమ్మెకు బదులు బోధన! ఈ పద్ధతికి ‘టీచ్-ఇన్’ అని పేరు వచ్చెను. మనము బోధనా సదస్సు అందుము. కొలది కాలములోనే ఇది ఇతర విశ్వవిద్యాలయములకు ప్రాకెను.

నాలుగేండ్ల తరువాత, 1969 జనవరి 28న, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా తీరమున సముద్రములో త్రవ్వుచున్న చమురుబావి అదుపు తప్పెను. చమురు తెట్టు కట్టి ఒడ్డునకు కొట్టుకొని వచ్చెను. రెక్కలకు చమురంటిన సముద్రపక్షులు వేలకొలది చనిపోయెను. విస్కాన్సిన్ రాష్ట్రపు సెనేటరు గేలార్డ్ నెల్సన్ ఆగస్టులో ఆ ప్రదేశమును చూచెను. యుద్ధమునకు పనికివచ్చిన బోధనా సదస్సు గాలికి, నీటికి మాత్రమేల పనికిరాదని ఆయనకు తోచెను. సెప్టెంబరు 20న సియాటిల్ నగరములో ఈ సంగతి ప్రకటించి, హార్వర్డ్‌లో చదువుచున్న డెనిస్ హేస్ అను 25 ఏండ్ల యువకునికి కార్యనిర్వహణమును అప్పగించెను.

వసంతకాలపు సెలవులు ముగిసినవి, పరీక్షలింకను రాలేదు, పైగా అది బుధవారము. విద్యార్థులు ఊళ్లకు పోరు, పుస్తకములలో మునిగియు ఉండరు. 1970 ఏప్రిల్ 22ను ఎన్నుకొనుటలోని రహస్యమింతే. అది లెనిన్ శతజయంతి దినము కూడ కావుటచే, ఇందేదో కుట్ర కలదని శంకించినవారును లేకపోలేదు!

చిత్రమేమనగా, టీచ్-ఇన్‌కు పుట్టినిల్లయిన మిచిగన్‌లోనే ఆ తేదీ కుదరలేదు. అచ్చట పరీక్షలు ముందుగనే వచ్చును. కావున వారు మార్చి 11 మొదలు 14 వరకు సదస్సు జరిపిరి. తొలిరాత్రి క్రీడామందిరము పట్టక, వేలమంది బయట నిలిచి ధ్వనివర్ధకముల ద్వారా వినిరి. జీవశాస్త్రజ్ఞుడు బారీ కామనర్ ప్రసంగించెను. ఒక పాత ఫోర్డు కారును ముద్దాయిగా నిలిపి, హత్యానేరము మోపి, విచారించి, సమ్మెటలతో పగులగొట్టిరి. అదొక వినోదము.

అంతకు కొలది వారముల ముందు, ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసే కళాశాలలో జరిగినది మాత్రము వినోదముతో ముగియలేదు. అచ్చటి విద్యార్థులు చందాలు వేసికొని, సుమారు 2,500 డాలర్లు పెట్టి క్రొత్త కారునే కొని, ఊరేగించి, గోతిలో పాతిపెట్టిరి. నల్లజాతి విద్యార్థులు దీనిని నిరసించిరి. అంత సొమ్మును పేదల అవసరములకు వినియోగింపరాదా అని వారడిగిరి. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయ వీలులేదు. కారు లేని ఇంటివారును నగరపు పొగను పీల్చుచునే యుండిరి. వారి బాధ ఆ గోతి యొద్ద ఎవరికిని గుర్తు రాలేదు. మిచిగన్‌లోను సదస్సు ముగిసిన వారము దినములలోపే, నల్లజాతి విద్యార్థుల ప్రవేశసంఖ్యను పెంచవలెనని సమ్మె మొదలయ్యెను.

ఏప్రిల్ 22న దేశమంతట సుమారు 1,500 కళాశాలలలోను, 10,000 పాఠశాలలలోను సభలు జరిగెను. పాల్గొన్నవారు రెండు కోట్లని అంచనా. కళాశాలలకంటె పాఠశాలల సంఖ్య ఎంత హెచ్చో చూడుడు! ఆ ఏడు డిసెంబరులో పరిసర సంరక్షణ సంస్థ ఏర్పడెను. డిసెంబరు 31న సంతకమైన స్వచ్ఛవాయు శాసనము, క్రొత్త కార్లు వెలువరించు కొన్ని విషవాయువులను పదింట తొమ్మిది పాళ్లు తగ్గింపవలెనని కంపెనీలకు గడువు విధించెను.

ఆ సభలలో ఎక్కువగా వినవచ్చినవి పొగ, మురుగు, డి.డి.టి., జనాభా. శీతోష్ణస్థితి మార్పు ప్రస్తావన బహు స్వల్పము. కాని హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముపై చార్లెస్ కీలింగ్ 1958 నుండి బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, కొలుచుచునే యుండెను. గాలిలో పదిలక్షల పాళ్లకు అది నాడు సుమారు 315 పాళ్లు, 1970లో 325, 2023 సగటు 421. కారు గొట్టమునకు జల్లెడ వంటి సాధనములు బిగించి పొగను అరికట్టవచ్చును గాని, ఈ వాయువునట్లు ఆపుట సాధ్యము కాదు. ఇంధనమునే మార్చవలెను.

డెనిస్ హేస్ పిమ్మట ఆ దారినే పట్టెను. 1979లో ఆయన కొలరాడోలోని సౌరశక్తి పరిశోధన సంస్థకు అధిపతి అయ్యెను. రెండేండ్లలో ప్రభుత్వము మారి నిధులకు కోత పడగా, ఆయన పదవియు పోయెను.

2016లో పారిస్ ఒడంబడికపై సంతకములకు ఐక్యరాజ్యసమితి ఏప్రిల్ 22నే ఎన్నుకొనెను. ఆ ఒక్కదినమున భారతదేశముతో సహా 174 దేశములును, ఐరోపా సమాఖ్యయు సంతకము చేసెను.