నీళ్ల కోసం వేసిన ఫోను లైను

మా ఫ్రెంచ్ కారల్ వెతికితే తప్ప మ్యాపులో కనబడనంత చిన్న ఊరు. కాలిఫోర్నియాలోని నెవాడా కౌంటీలో, శాన్ వాన్ రిడ్జ్ అనే కొండవరుస కింది కొసన ఉంటుంది. 1849లో ఒక ఫ్రెంచివాడు కంచరగాడిదల కోసం ఇక్కడ దొడ్డి కట్టాడు. కారల్ అంటే దొడ్డి; ఊరికి ఆ పేరే నిలిచింది. రోడ్డు పక్కన ఒక చారిత్రక ఫలకం ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రాంత టెలిఫోను లైను ఇక్కణ్నుంచే 58 మైళ్ల అవతలి ఫ్రెంచ్ లేక్ చెరువు దాకా వెళ్లిందని అది చెబుతుంది. కట్టిన ఏడు ఫలకం మీద 1877 అని ఉంది. 1878 అని రాసినవాళ్లూ ఉన్నారు. గ్రహాం బెల్‌కు టెలిఫోను పేటెంటు వచ్చింది 1876 మార్చిలో. పెద్ద పట్నాలకే ఫోను కొత్తగా ఉన్న రోజుల్లో ఈ అడవికి దాని అవసరం ఏమొచ్చింది?

బంగారం అనుకుంటాం. అసలు అవసరం నీళ్లది. ఈ కొండల్లో బంగారం పాతకాలపు నదులు వదిలిపోయిన గులకమట్టిలో రేణువులుగా కలిసి ఉండేది. దాన్ని తవ్వడం మాని, మానిటర్లనే ఇనుప గొట్టాలతో నీటిధారను విసిరికొట్టి కొండ చరియల్నే కరిగించేవారు. ఆ నీళ్లు సియెరా నెవాడా పైభాగాన, మంచు కరిగి నిండే చెరువుల నుంచి మైళ్ల తరబడి కాలువల్లో, చెక్క దోనెల్లో రావాలి. పైన వదిలిన నీరు గనికి చేరాలంటే గంటలు పట్టేది. దోనె ఎక్కడైనా తెగితే పైనున్న మనిషికి ఆ సంగతి తెలిసేలోగా నీళ్లన్నీ లోయపాలు. మన డెల్టాల్లో కాలువ లస్కరు చేసే పనే ఇక్కడ కొండకొమ్మున, మంచులో, ఒంటరిగా ఉండే కావలివాడు చేసేవాడు. కబురు అందాలంటే గుర్రమెక్కి మనిషి పోవాల్సిందే.

అందుకే మిల్టన్, నార్త్ బ్లూమ్‌ఫీల్డ్, యూరేకా లేక్ అనే గని కంపెనీలు కలిసి రిడ్జ్ టెలిఫోన్ కంపెనీ పెట్టాయి. సముద్రమట్టానికి పదిహేను వందల అడుగుల ఎత్తున్న మా ఊరి నుంచి తీగ నార్త్ శాన్ వాన్, నార్త్ బ్లూమ్‌ఫీల్డ్, గ్రానైట్‌విల్, బోమన్ లేక్ మీదుగా ఆరు వేల అడుగుల పైకి ఎక్కింది. దారంతా అడవి, నిలువు లోయలు, శీతాకాలంలో మనిషిని ముంచే మంచు. మిల్టన్ కంపెనీ దాన్ని ఫ్రెంచ్ కారల్‌లోని ఒక భవనం నుంచి నడిపింది. ఇక తూము తెరవమన్నా మూయమన్నా నోటిమాట చాలు.

మా ఊరికి ఇది గర్వమే. కానీ ఆ తీగ ఎటు వెళ్లిందో కూడా చూడాలి. అది గని నుంచి చెరువుకు, పైకి మాత్రమే వెళ్లింది. కరిగిన కొండ మాత్రం యూబా నదిలో కిందికి పోయింది. ఆ బురదకు నదీగర్భం పూడి, మేరీస్‌విల్ పట్టణం చుట్టుపక్కల పొలాలు వరదల్లో మట్టిపాలయ్యాయి. ఆ రైతుల మాట వినడానికి గని కంపెనీలు ఏ తీగా వేయలేదు. వాళ్లు కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1884 జనవరి 7న జడ్జి లోరెంజో సాయర్ గనుల మట్టిని నదుల్లోకి వదలకూడదని తీర్పు ఇచ్చారు. దాంతో ఇక్కడి పెద్ద గనులు మూతపడ్డాయి. రిడ్జ్ మీది ఊళ్లు చాలామటుకు ఖాళీ అయ్యాయి.

ఫలకం చూడటానికి వచ్చేవాళ్లను అక్కడితో ఆగవద్దంటాను. నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ దగ్గరి మాలకాఫ్ డిగ్గిన్స్ పార్కుకు కూడా వెళ్లమంటాను. సుమారు 7,000 అడుగుల పొడవున నీళ్లు తొలిచిన గొయ్యి అక్కడుంది. లైను వేసినవాళ్ల నేర్పూ, ఆ నేర్పుతో జరిగిన నష్టమూ రెండూ మా చరిత్రే. మా పిల్లలకు రెంటినీ కలిపే చెప్పాలి.